ఏడో గడ్డికట్ట

మారికుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు బయలుదేరబోతోంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఉన్న, అడవిగడ్డి మీద పరిశోధన చేసే అమ్మాయి దగ్గరికి, ఆమె గడ్డికట్టలను తన కొట్టంలో ఆరబెట్టిన బేతమంగళ ఊరి పాడిరైతు అవ్వ వచ్చి కూర్చుంది.

“అవ్వా, అందరూ వేరే వేరే అనుకొనే నాలుగో కట్టా ఏడో కట్టా ఒకే జాతి! రెండింటి రసంలో ఒకే రసాయనాలు తేలినాయి. సారుకు చెప్పేదానికే పోతా ఉండా. నా థీసిస్‌లో నీకు థ్యాంక్స్ కూడా రాసినాను.”

“నా పేరు కొట్టెయ్ తల్లీ. ఏడో కట్టను మా ఆవు మేసేసింది. నీకు చెప్పేదానికి భయపడి, నాలుగో కట్టలో సగం తీసి ఏడో చీటీ కట్టినాను. గడ్డి మేసింది ఆవు, గడ్డి తిన్నది నేను.”

“అయ్యో! నాలుగోది తినలేదా?”

“నోటికాడ పెట్టినా మూతి తిప్పుకొనింది.”

“అంటే రెండూ వేరని మీ ఆవు ఒక్క వాసనతో కనిపెట్టింది. నేను మూడు నెలలు మిషన్ తిప్పి తప్పు కనిపెట్టినాను.”

“తప్పు నాదమ్మా.”

“సగమే నీది. ఏడో కట్టలో కంకులు నేను కోసినప్పటివి కావని నాకు ముందే అనుమానం వచ్చింది అవ్వా. పేరొస్తాదని నోరు మూసుకొన్నాను.”

“రైలు కదల్తా ఉండాది. ఇంగ ఏం చేస్తావు?”

“ఎక్కుతాను. సారుకు నీ తప్పు కన్నా ముందు నాది చెప్పాల.”