సృజన కుడిచెయ్యి

పటాన్‌చెరులో పిల్లల డాక్టర్ కృష్ణప్రియ గది. ఎనిమిదేళ్ల సృజన బల్ల మీద కూర్చుంది. డాక్టర్ కుర్చీ చూపించినా తండ్రి నర్సింహులు కూర్చోలేదు, కోపమూ దిగలేదు.

“ఇంకో పరీక్షనా! ఇంకెన్ని సూదులు గుచ్చుతరు మేడం? మొన్ననే గదా మెదడు స్కాన్ తీసిన్రు!”

“అందులో కనిపించింది కాబట్టే అడుగుతున్నానండి. పాప మెదడులో రక్తనాళాలు వాచినట్టున్నాయి. తొడ దగ్గర్నుంచి సన్న గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను.”

“గివన్నీ ముసలోళ్ల రోగాలు. పిల్లలకెక్కడిది? ఎవలకు చెప్తున్నరు?”

“పిల్లలకీ వస్తుంది. తలనొప్పి ఎప్పట్నుంచి నర్సింహులు గారూ?”

“మా చిట్కుల్ ఊర్ల తలనొప్పి ఎవలకు లేదు? పొద్దుగాల లేస్తే కెమికల్ కంపెనీ వాసన. అందరం గట్లనే బతుకుతున్నం.”

“అందరికీ ఉందని పాపది వదిలేశారా?”

“వదిలేసినమా! మెడికల్ షాపుల గోలీలు తెచ్చి ఏసినం. నన్నేం అడుగుతరు, ఆ కంపెనోళ్లను అడుగున్రి!”

“ఈ వాపు దానివల్లేనని నేను చెప్పలేను. కుడిచెయ్యి పట్టు ఎప్పుడు తప్పింది?”

“చెప్పిన గదా. సోమవారం.”

“కాదు. స్కాన్‌లో పాత మచ్చలున్నాయి, కొత్తవీ ఉన్నాయి. ఒక్కసారి వచ్చి ఆగిందా, నెలల తరబడి పెరుగుతోందా, దాన్నిబట్టే మందు. మీరు తప్పు చెబితే నేను తప్పు మందిస్తాను.”

“అంటే నేను అబద్ధమాడుతున్ననా?”

“నాలుగు నెలల కిందట, దసరా అప్పుడు, రాత ఎలా ఉండేది?”

“రాత... కోడి గీకినట్టు. బద్ధకం. పెన్సిల్ కిందేస్తది, గిలాస కిందేస్తది. మస్తు మొండిది మేడం, మీకు తెల్వదు.”

“మొండిదని ఎందుకంటున్నారు?”

“ఇగ... జెర భయం పెట్టిన. కండ్లకెల్లి చుక్క నీళ్లు రాలే. గందుకే ఇంకా కోపమొచ్చింది.”

“భయం పెట్టడమంటే?”

“కన్నోన్ని! నాకు హక్కు లేదా?”

“ఎప్పుడండీ అది?”

“ఎప్పుడైతేంది!”

“సృజనా, నువ్వు చెప్పమ్మా.”

“బతుకమ్మ పూలు తెచ్చిన రోజు మేడం. కట్టెతోని. ఈ కుడిచెయ్యి మీదనే.”

“నువ్వూరుకో బిడ్డా...”

“మీరు ఊరుకోండి! సృజనా, చాలా నొప్పేసిందా?”

“లే మేడం. ఏడిస్తే నాయిన ఆపుతడని ఏడ్వనీకి మస్తు కోషిష్ చేసిన. గానీ ఆ చేతికి నొప్పే తెల్వలే.”