అత్తగారి బ్రేకులు

న్యూ సౌత్ వేల్స్‌లో నది పక్క ఊరు. శనివారం పొద్దున్న. ఇంటి ముందు సిమెంటు బాట మీద ముందు చక్రాలు ఊడదీసిన కారు, దాని పక్కన నేల మీద అల్లుడు వారిక్, మడత కుర్చీలో టీ కప్పుతో అత్తగారు డల్సీ.

“ఎదురింటి ఫ్లో బేకరీలో ఏమందిట, తెలుసా అల్లుడూ? ‘డల్సీ అల్లుడు పోయిన శనివారం నుంచీ ఆ కారు కింద దూరి ఉన్నాడు, బ్రేకులు మారుస్తున్నాడా, గుడ్లు పొదుగుతున్నాడా’ అందిట.”

“ఆవిడకేం అత్తయ్యా, ఎన్నైనా అంటుంది. ఈ పాత డిస్కు తుప్పు పట్టి కరుచుకుపోయింది. ఊడి రావట్లేదు.”

“సుత్తితో ఒక్కటెయ్యి.”

“వేశాను.”

“నాకు వినపడలేదే.”

“మెల్లగా వేశాను.”

“మెల్లగా వెయ్యడానికి అదేమన్నా పసిపాపా? ఇటియ్యి సుత్తి.”

“అయ్యో, మీరెందుకు... అదిగో, వచ్చేసింది!”

“నన్ను చూసి జడుసుకుని ఉంటుంది. ఊఁ, కొత్తది ఎక్కించు.”

“కొత్తదానికి నూనె పూత ఉంటుందండీ, తుడవాలి. తుడిచే స్ప్రే అయిపోయింది. ఊళ్ళో ఎక్కడా దొరకట్లేదు, ఏం చేస్తాం—”

“ఇదిగో. నీ షెడ్డులో రంగు డబ్బాల వెనకాల దొరికింది. నిండుగా ఉంది.”

“అక్కడికెలా వచ్చిందబ్బా!”

“నడుచుకుంటూ వచ్చుంటుంది. నాకు ఎనభై అయిదు నిండాయి, ఈ వయసులో లైసెన్సు నిలవాలంటే మళ్ళీ నడిపి చూపించాలి. సోమవారం డ్రైవింగు పరీక్ష. కారు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే లైసెన్సు లేదు. గుర్తుందా?”

“ఉంది, ఉంది. అందుకేగా ఈ తంటాలు. అన్నట్టు, గురువారం ఫ్లోతో కటింగుకు వెళ్ళారు కదా, జుట్టేం మారలేదే?”

“వారం నుంచీ చేస్తున్నావు, నా బ్రేకులు మారాయా?”

“సరే, సరే. ప్యాడ్లు పెట్టేస్తున్నా.”

“ఆగు! తిరగేసి పెడుతున్నావు. ఇనుప వైపు డిస్కుకి రుద్దుకునేలా పెడతారా ఎవరైనా?”

“అరె, చూసుకోలేదు.”

“బుధవారం అటువైపుదీ చూసుకోలేదు. మళ్ళీ అంతా విప్పి కూర్చున్నావు. మీ మామయ్య ఈ బాట మీదే మార్చేవాడు, ఆయన కింద, నేను పెడల్ మీద. భోజనాల వేళకి చేతులు కడుక్కునేవాడు. నిజం చెప్పు. సాగదియ్యమని నరెల్ చెప్పిందా?”

“నరెలా? ఆ... ఏం సాగదియ్యమని?”

“దాన్ని కన్నది నేనే నాయనా.”

“అత్తయ్యా, తల్లీకూతుళ్ళ మధ్య నన్ను ఇరికించకండి. మీరు ఫ్లో గేటు దగ్గర ఉత్తరాల డబ్బాని గుద్దిన రోజు నుంచీ దానికి నిద్ర లేదు.”

“బ్రేకులు అరిగి గుద్దాను, కళ్ళు పోయి కాదు. కీచుమంటున్నాయి నాయనా అంటే రేడియో పెంచుకోమన్నదెవరు?”

“...నేనే.”

“ఊఁ. సరిగ్గా తిప్పి పెట్టు. పెడల్ నేను తొక్కుతా.”

“ఎక్కకండి, కారు స్టాండ్ల మీదుంది!”

“మీ మామయ్య రోజుల్లో ఇటుకల మీదుండేది. జరుగు.”

“తొక్కండి... ఇంకా... ఇంకా...”

“గట్టిపడింది. రాయిలా ఉంది.”

“అమ్మో, నరెల్ వచ్చేసింది. అత్తయ్యా, నేనేం చెప్పలేదు, మీరేం వినలేదు—”

“ఏంటి వారిక్, ఇంకా చక్రాలు కిందే ఉన్నాయా? అయ్యో అమ్మా, సోమవారం పరీక్ష పోయినట్టేనా? పాపం!”

“నరెల్, ఆగు, అదేంటంటే...”

“నువ్వుండు. అమ్మా, ఏం దిగులు పెట్టుకోకు. ఎక్కడికెళ్ళాలన్నా నన్నడుగు, నాకు వీలున్నప్పుడు తీసుకెళ్తా.”

“దిగులెందుకే? పరీక్ష గురువారానికి జరిపించుకున్నా. పాసయ్యా. ఎవరి డబ్బా గుద్దానో ఆవిడ కారులోనే. చక్రాలు బిగించు అల్లుడూ, ఫ్లోని షికారుకి తీసుకెళ్తానన్నా.”