విప్పని తొమ్మిది కవర్లు

విదేశంలో పనిచేసే నర్సు ఈ సెలవులో చేయాల్సినవి చీటీ మీద రాసుకుంది: పళ్ల డాక్టరు, చెల్లెలి కొత్తిల్లు, పాత ఇంటిగలావిడను పలకరించడం, ఆడిటర్ దగ్గర ఒక సంతకం. ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోయింది.

“ఆరేళ్లుగా రిటర్నులు వేయలేదేంటమ్మా?”

“అక్కడ జీతంలోనే పన్ను కోసేస్తున్నారు సార్. మళ్లీ ఇక్కడెందుకు అనుకున్నా.”

“ఇక్కడ మీ షాపు మీద అద్దె వస్తోందిగా! అది నేను చెప్పాలా? ఇది తేలేదాకా దేశం దాటనివ్వరు. నెల పట్టొచ్చు.”

“సోమవారం డ్యూటీలో లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది సార్.”

“పన్నుల ఆఫీసువాళ్లు తొమ్మిది నోటీసులు పంపారమ్మా.”

ఆమె సంచిలోంచి కవర్ల కట్ట తీసింది.

“ఒక్కటీ విప్పలేదే! ఇన్నాళ్లూ ఎక్కడున్నాయి?”

“నేను అద్దెకున్న ఇంట్లో. నా ఉత్తరాలు ఎవరినీ ముట్టుకోనివ్వకండి పిన్నిగారూ అని చెప్పి వెళ్లాను. ఆవిడకి చదువు రాదు. బీరువాలో చీరల మధ్య దాచారు. నిన్న వెళ్తే ఆవిడ కోడలు ఇచ్చింది.”

“ఫోన్లో ఒక్క మాట చెప్పొచ్చుగా ఆవిడ?”

“ప్రతిసారీ చెప్పారు సార్. ‘నీకు ఉత్తరమొచ్చిందే’ అనేవారు. ఉండనివ్వండి, వచ్చాక చూస్తా అనేదాన్ని.”

“పోనీ, ఆ మాటే కాగితం మీద రాసి ఆవిడతో వేలిముద్ర వేయించి ఇద్దాం. జరిమానా కాస్త తగ్గుతుందేమో.”

“పోయిన నెల కాలం చేశారు సార్.”

ఆడిటర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నర్సు ఫోను తీసి, సోమవారం రాలేనని ఆస్పత్రికి రాసింది.

ఉద్యోగం నిలిచిందో లేదో తర్వాతి సంగతి. చదివిన మీరు మాత్రం ఆ పిన్నిగారిని గుర్తుంచుకోండి. అప్పజెప్పిన పని ఆవిడ పొల్లుపోకుండా చేసింది.