మూడో మేకు

కారు తుక్కుకిచ్చే ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టకు, ఆర్డిస్. ఆ తుక్కు బండివాడికి అంత తొందరేమిటి? పొద్దున్నించి రెండుసార్లు ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్లు నా షెడ్డులో పడున్న కారు ఇవాళ మధ్యాహ్నానికి నలిగిపోకపోతే వాడి కొంపేదో మునిగిపోయేటట్టు. వస్తాడులే, ఉండనీ. నువ్వా స్టూలు మీద కూర్చో. కాఫీ చల్లారిపోతోంది.

తెలుసు. దాని మొహం చూడ్డం నీకిష్టం లేదు. ‘మా ఆయన చావడానికి ఏరుకున్న కారు’ అని నువ్వన్నప్పుడల్లా నేను తలొంచుకుని పానాలు తుడుచుకునేవాణ్ణి. తుడిచినవే మళ్లీ ఎందుకు తుడుస్తున్నాడు అని ఎప్పుడైనా అనుకున్నావా?

ముందే చెప్తున్నాను, ఇది నలిగి దిమ్మయిపోతే నాకే మంచిది. నోరు మూసుకుంటే సాయంత్రానికి గట్టెక్కేస్తాను. అందుకే ఇప్పుడే చెప్పాలి.

చనిపోయిన ఆ శుక్రవారం మీ ఆయన వెండెల్ పొద్దున్నే ఈ కారేసుకొచ్చాడు. ఈ ఇంజన్ మీద పెట్రోల్లో గాలి కలిపే కార్బురేటర్లు మూడు. నీ పుట్టినరోజు మర్చిపోయేవాడు గానీ వాటి సంగతి ఒక్కటీ మర్చిపోయేవాడు కాదు కదా. ఆ మూడూ ఒక్క ఊపిరిగా గాలి పీల్చాలి. ఎక్కడైనా సన్నగా గాలి దూరిందా, ఇంజన్ కుంటుతుంది. ఆ వేసవంతా కుంటింది. సన్నటి గాలి గొట్టాలన్నీ కొత్తవి వేశాను. అయినా పీల్పు కొలిచే గేజీలో ముల్లు వణుకుతూనే ఉంది.

అలాంటప్పుడు ఏం చేస్తామంటే, ఒక్కో గొట్టం పీకి, దాని నోరు మూసి చూస్తాం. మూయడానికి గోల్ఫ్ బంతి కింద గుచ్చే చెక్క మేకు వాడతాం. ఈ చుట్టుపక్కల మెకానిక్కులందరి జేబుల్లోనూ అవే, ఒక్కడికీ గోల్ఫ్ రాదు. నేనయితే వాటి కాడలు కోసేస్తాను, గొట్టం బయటికి పొడుచుకొస్తే ఫ్యానుకు తగుల్తాయని. అదీ నా తెలివి.

మూడు గొట్టాలు మూశాను. అందులో లావుది బ్రేకుది. బ్రేకుకి బలం ఆ ఇంజన్ పీల్పే. అది అందకపోతే పెడల్ రాయిలా ఉంటుంది, ఒంటి బరువంతా వేసి తొక్కాలి.

చివరికి దొరికింది. వెనక కార్బురేటర్ కింద ప్యాకింగ్ చిరిగింది. మార్చాం. ముల్లు కదలకుండా నిలబడింది. మీ ఆయన గ్లాసు నిండా నీళ్లు పోసి నడుస్తున్న ఇంజన్ మీద పెట్టాడు. చుక్క ఒలకలేదు. నవ్వాడు, ఆర్డిస్. మీ ఆవుల్ని అమ్మేశాక వాడు నవ్వగా నేను చూడలేదు. ఇద్దరం ముసలాళ్లం, ఆ గ్లాసు చుట్టూ వెధవల్లా గంతులేశాం.

తీసిన మేకులు రోజూ మడ్‌గార్డు మీద వరసగా పెట్టి లెక్క చూసుకునేవాణ్ణి. ఆ రోజు చూసుకోలేదు. గ్లాసు వంక చూస్తూ గొట్టాలు మళ్లీ వాటి చోట్లలోకి తోసేశాను. కాడ లేని మేకు కదా, లోపలికి దిగిపోతే పైకి కనపడదు.

లేవకు. మొత్తం విను, తరవాత నీ ఇష్టం.

పీల్పు ఆగినా బ్రేకులో ఒకటి రెండు తొక్కులకు సరిపడా బలం నిలవుంటుంది. నా గేటు దగ్గర తొక్కాడు, బాగానే ఆగింది, చెయ్యూపాడు. అక్కణ్ణించి కొండ అంచు దాకా తిన్నని రోడ్డు, రెండు పక్కలా మొక్కజొన్న. బ్రేకుతో పనేముంది? ఆ తరవాత నదికి దిగుడు, దిగుడు చివర రాతిగోడ. మోకాలి ఆపరేషనయి ఆరు వారాలు కూడా కాలేదు వాడికి.

రోడ్డు మీద టైరు గీతల్లేవని షెరీఫ్ రాసుకున్నాడు. చక్రాలు బిగుసుకుంటే కదా గీతలు పడేది. ఆవుల్ని అమ్మేశాడు, దిగులుగా తిరుగుతున్నాడు, గీతలు లేవు అని ఊరంతా తలా ఒక మాట కలిపి, కావాలనే గుద్దుకున్నాడంది. నువ్వూ నమ్మావు. ‘బ్రేకులు బాగున్నాయా డెల్మార్?’ అని షెరీఫ్ నన్నడిగాడు. నేనే చూశాను, బాగున్నాయన్నాను. అప్పటికి నాకు తెలీదు. నిజంగా తెలీదు.

వారం తరవాత కారు ఇక్కడికొచ్చాక ఆ బ్రేకు గొట్టం పీకాను. లోపల మూడో మేకు, ఎర్రది. మళ్లీ అలాగే పెట్టేశాను.

అప్పుడే వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. వచ్చాను. మీ వంటింటి తలుపు దాకా వచ్చాను. లోపల నువ్వు వాడి చొక్కాలు మడతపెడుతూ ‘ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు’ అంటున్నావు మీ చెల్లెలితో. తెచ్చిన కూర గిన్నె మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాను. ఈ తొమ్మిదేళ్లూ చర్చిలో నీ వెనక బెంచీలోనే కూర్చున్నాను. వాడికోసం దీపం వెలిగించమంటే నువ్వు తల తిప్పేసుకున్నావు చూడు, ఆ రోజు కూడా అక్కడే ఉన్నాను. ఆ కోపం నాకు రావలసింది. వాడికిచ్చావు, నేను ఊరుకున్నాను.

ఇక్కడ పని చేసుకుంటుంటే కారు మీద కప్పిన ఆ టార్పాలిన్ కింద నించి గాలి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. చచ్చిన ఇంజన్ ఎక్కడ పీలుస్తుంది? పీల్చదు. అయినా వినిపిస్తుంది. రేడియో గట్టిగా పెట్టుకుంటాను.

ఇలా రా. కారు తలుపు తీస్తున్నాను. నన్ను కాదు, కింద చూడు. బ్రేకు పెడల్ కమ్మీ ఎలా వంగిపోయిందో చూడు. ఒక్క కాలితో అది అంత వంగదు. రెండు కాళ్లూ పెట్టి, సీట్లోంచి లేచి తొక్కాడు మీ ఆయన, ఆ నయం కాని మోకాలితో. చావాలనుకున్నవాడు అలా తొక్కుతాడా?

ఆ రోజు వాడు ఇంటికి, నీ దగ్గరికే వస్తున్నాడు, ఆర్డిస్. ఫోను ఆ గోడకుంది. నువ్వు షెరీఫ్‌కి చెయ్యి, తుక్కువాణ్ణి నేను వెనక్కి పంపిస్తాను.