నాలుగెకరాల బండి

మద్దిలేటి ఎద్దు సచ్చిపాయ. కథ ఆడనే మొదలుపెట్టాల, ఎందుకంటే ఆ ఎద్దు బతికుంటే నేను చెప్పేకి, మీరు వినేకి ఏమీ లేదు. మద్దిలేటికి ఒగెద్దు, వాని తమ్ముడు తిరుపాలుకు ఒగెద్దు. జత కొనే తాహతు ఇద్దరికీ ల్యా. ఏరువాక వచ్చిందంటే అన్నెద్దును, తమ్మునెద్దును ఒగ కాడికి కట్టేది, పొద్దున అన్న చేన్లో దున్నేది, మాపటికి తమ్ముని చేన్లో దున్నేది. మర్సటి దినం తిప్పి, ముందు తమ్మునిది, ఎనక అన్నది. నాయన పోయిన కాన్నించి అట్లనే జరుగుతాండె. వేరు పడినారు, పొయ్యిలు వేరాయ, కాడి మాత్రం ఒగటే అనుకో. అట్లాంటిది అన్నెద్దు గొంతు వాచి రెండు దినాలు మేత ముట్టక పడిపాయ. దాన్ని పూడ్చినాక తమ్ముని ఎద్దు దొడ్లో ఒంటిగా నిలబడి అరుస్తాంటే, మద్దిలేటి కంచం ముందర్నుంచి లేచి దాని కాడికి పోయినాడంట.

తమ్ముని ఎద్దు ఎప్పుడూ ఎడంపక్క నడిచేది. దానికి కుడిపక్క నడిచేది కావాల, అదే ఎత్తు, అదే నడక ఉండాల. మద్దిలేటి సంతలన్నీ తిరిగినాడు. యాడా కుదరల్యా. ఎత్తు కుదిరితే నడక కుదరదు, నడక కుదిరితే అది గూడా ఎడంపక్కదే. పెండ్లాము బజారమ్మ చూసి చూసి, ఇంగ ఎన్నాళ్లు తిరుగుతావయ్యా, ఊర్లో ట్రాక్టర్లు వచ్చినాయి కదా, మనమూ తెచ్చుకుందాము, నా తమ్ముడు పుల్లన్న తోడు వస్తాడు అనింది. మద్దిలేటి మనసులో ఏమనుకున్నాడంటే, ఒగ బండి తెస్తే రెండు చేన్లూ దున్నొచ్చు, తమ్ముని చేను దున్నినాకనే నాది దున్నుకుంటా అనుకున్నాడు. ఆ మాట తమ్మునికి చెప్పొచ్చు కదా? చెప్పల్యా. తెచ్చి వాకిట్లో నిలబెడితే వాడే చూస్తాడులే అనుకున్నాడు. మన మొగోళ్లంతా ఇంతే, నవ్వొద్దు రామక్కా, మీ ఆయనా అంతే.

పోయినారు టౌనుకు, బావా బావమర్దీ. షాపులో ఇస్త్రీ చొక్కా ఆయన కుర్చీ ఏసి, పొలమెంత పెద్దాయనా అనడిగినాడు. మద్దిలేటి ఎనకాముందు చూడకుండా, "ఎనిమిదెకరాలు" అన్నాడు. అబద్ధం అనుకునేరు. కాదు. వాళ్ల నాయన చేను ఎనిమిదెకరాలే. దాన్ని పంచుకునేటప్పుడు ఏమైందంటే, పైభాగమంతా గులకరాళ్లు, కిందిభాగమంతా నల్లరేగడి. అడ్డంగా పంచితే ఒగనికి రాళ్లు, ఒగనికి బువ్వ. అందుకని పెద్దమనుషులు తాడు పట్టి నిలువునా పంచినారు, చెరి నాలుగు. ఇద్దరికీ ఇన్ని రాళ్లు, ఇంత రేగడి. చేన్లు మాత్రం రెండూ పంచె ఆరేసినట్టు పొడుగ్గా సన్నగా అయిపాయ, నడాన గట్టు. కాగితంలో చెరి నాలుగు అని ఉండాది. మద్దిలేటి నోట్లో ఎప్పుడూ ఎనిమిదే. వాడు పుట్టినప్పటి నుంచి ఆ చేనును ఇంగో తీరుగా పలికింది ల్యా. ఎనిమిదెకరాలకైతే ఇది తీస్కోండి, బాడుగకు గూడా పోతాది అని ఆ షాపాయన నలభై అయిదు హెచ్‌పీ బండి చూపిచ్చినాడు. ఎనక టైరు మనిషి గుండెలకాడికి వస్తాది.

ఇంగ పుల్లన్న సంగతి మీకు తెలీదు. వాని నోట్లో నువ్వుగింజ నానదు. బండి ఇంగా ఊరు చేరకనే టీ హోటల్లో కూసోని, మా బావ ఎనిమిదెకరాల రైతని చెప్తే షాపాయన లేచి నిలబడినాడు అని గొప్పలు పోయినాడంట. ఆ పక్క బల్ల మీదనే తిరుపాలు ఉండాడు. తాగే టీ ఆడనే పెట్టేసి ఇంటికి పాయ. వాని పెండ్లాము సుంకులమ్మ ఏమనిందంటే, మనకు పిల్లోళ్లు ల్యారు కదా, అందుకే మన నాలుగు ఇప్పుడే వాళ్ల లెక్కలో కలుపుకున్నారు, మనం పోయేదాకా గూడా ఆగల్యాకపోయిరి అనింది. పిల్లల్లేని ఆడమనిషి మాట, దాన్ని తప్పు పట్టేకి నాకు నోరు రాదు.

బండి వచ్చె. పసుపు పూసినారు, బొట్లు పెట్టినారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినారు. టెంకాయ తమ్ముడే కొట్టాలని మద్దిలేటి పట్టు. మనిషిని పంపితే తలుపు తీయల్యా. తనే పాయ. "ఒరే తిరుపాలా, రారా, నీ చెయ్యి పడాల" అని పిలిస్తే లోపల్నుంచి, "ఎనిమిదెకరాల రైతుకు నాలుగెకరాలోడు కొట్టేదేందన్నా టెంకాయ, నువ్వే కొట్టుకో" అన్నాడంట. మద్దిలేటికి అప్పుడు తెలిసె తను షాపులో ఏం పలికినాడో. అది గాదురా అని చెప్పబోయినాడు. ఎట్ల చెప్తాడు? ఎనిమిది అన్న మాట నిజం, దాని ఎనక ఉండే ప్రేమ ఎవరికి కనపడతాది?

సరే, వాన పడె. తిరుపాలు ఎవరో జత ఎద్దులు బాడుగకిస్తే ముందే కొర్ర ఇత్తినాడు, మొలక వచ్చె. మద్దిలేటి తన చేన్లోకి బండి దింపినాడు. నడాన బాగానే పాయ. గట్టు పక్క సాలుకొచ్చేసరికి పెద్ద టైరు గట్టెక్కుతాది, చివరకు పోయి తిప్పుకోవాలంటే ఆ సన్నటి చేన్లో జాగా చాలదు. ఎద్దులైతే నిలబడిన కాడనే తిరుగుతాయి. ఇది తిరగాలంటే తమ్ముని చేన్లోకి పోయి రావాల. ఆ చేను తనది కాదని మద్దిలేటికి గుర్తుంటే కదా! చిన్నప్పట్నుంచి ఆడ తిప్పుకుంటాండాడు. గట్టు తెగె, మొలక మీద టైరు పోయె. తడి రేగడి మీద అంత బరువు పడితే రాయి మాదిరి గట్టిపడతాది, మల్ల ఆడ ఏదీ మొలవదు. సుంకులమ్మ వచ్చి చూసి తిట్టల్యా, శాపం పెట్టల్యా. "బావా, మేం ఇంగా బతికే ఉండాము" అనింది. అంతే. అనేసి ఎనక్కి తిరిగి పాయ.

ఆ మాటతో మద్దిలేటి బండి ఆపేసి దిగినాడు. సాయంత్రం తిరుపాలు పార తెచ్చుకోని, తెగిన గట్టు మన్నేసి కట్టుకుంటాండాడు. అన్న పోయి ఇంగో పార పట్టుకోబోతే, వద్దు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టినాడంట. ఆ పొద్దు మొదలు అన్నాదమ్ములకు మాటల్లేవు. ఒగ బావి నీళ్లు, ఒగ దోవ నడక, మాట మాత్రం ల్యా. ఒంటెద్దును తిరుపాలు సంతకు తోలేసినాడు. అది మద్దిలేటి ఇంటి ముందర్నుంచే పాయ. బజారమ్మ కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. మద్దిలేటి మాత్రం అరుగు మీద కూసోని, పోతాండే ఎద్దును, చావిట్లో ఉండే బండిని చూస్తా ఉండిపాయ. బండి తేవడంలో తప్పు ల్యా, ఇంత బండి తేవడమే తప్పు అనుకున్నాడంట.

ఏడాది తిరిగె. మల్ల ఏరువాక వస్తాందనంగా మద్దిలేటి బండిని తీస్కోని టౌనుకు బయలెల్లినాడు. పెద్దది ఇచ్చి చిన్నది తెస్తే ఊరు నవ్వుతాదయ్యా అని బజారమ్మ అడ్డం పడింది. నవ్వనీ, నవ్వితే నోరే కదా నొచ్చేది అని పాయ. ఈసారి పుల్లన్నను గూడా పిలవల్యా, వాడే ఎనకాల తగులుకోని పాయ. అదే షాపు, అదే మనిషి. పొలమెంత పెద్దాయనా అన్నాడు. మద్దిలేటి నీళ్లిమ్మని తాగినాడు. తాగి, "నాలుగు" అన్నాడు. ఆ ఒగ మాట పలికేకి ఆయప్పకు చెమటలు పట్టినాయని పుల్లన్నే చెప్పినాడు, మొదటిసారి వాడు నవ్వకుండా చెప్పిన మాట అదే. నాలుగెకరాలకు ఇరవై హెచ్‌పీ చాలు అని షాపాయన చిన్న బండి ఇచ్చినాడు. సన్నటి టైర్లు, తేలిక ఒళ్లు.

చేన్లోకి దింపితే ఏం చెప్పాల! గట్టు పక్కకు మూర దూరంలో పోయి, చివరన తన చేన్లోనే తిరుక్కోని వచ్చె. గట్టు మట్టిబెడ్డ గూడా రాలల్యా. మద్దిలేటి అంత చక్కగా దున్ని, దున్నినందుకు సంతోషమే ల్యాకుండా బండి ఆపి కూసోనుండాడు. గట్టు అవతల తిరుపాలు నిలబడి చూస్తాండాడు. చూసి చూసి గట్టు కాడికొచ్చె.

"షాపులో ఎంత చెప్పినావు?" అన్నాడు. ఏడాదికి మొదటి మాట.

"నాలుగు."

"నాలుగేనా?"

"నాలుగేరా. నీది నీదే. ఇంగ నీకు బయం వద్దు."

తిరుపాలు గట్టు మీద కూలబడినాడంట. "ఎనిమిదన్నావని నీ మొగం చూడల్యా నేను. ఇప్పుడు నాలుగన్నావంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుందన్నా. నన్ను తీసేసి పలికేకి నీకు నోరెట్ల వచ్చె?" అన్నాడు. మద్దిలేటి, "రాల్యాదురా, నీళ్లు తాగి పలికినా" అని, ఇంగ ఆపుకోల్యాక ఏడ్చినాడు. ఇద్దరూ మీసాలొచ్చినోళ్లు, గట్టుకు ఇటొగడు అటొగడు కూసోని ఏడ్చినారు.

గట్టు తీసేసినారా అని అడుగుతారు మీరు. తియ్యల్యా. ఇప్పటికీ ఉండాది, పోయి చూసి రాపోండి. మద్దిలేటి బండిని దోవెంబడి చుట్టు తిప్పుకోని పోయి, తమ్ముని చేన్లోకి దింపినాడు. షాపాయన చెప్పింది మాత్రం నిజమేనప్పా, ఆ బండి నాలుగెకరాలకే సరి, ఎనిమిదికి చాలదు. పెద్ద బండైతే పొద్దు గూకేలోపల అయిపోయే పనికి ఆ యేడు ఎన్నో దినాలు పట్టె. తొందరపెట్టినోడు మాత్రం ఇద్దర్లో ఎవడూ ల్యాడంట.