లిస్టులో నాలుగో పేరు

వనపర్తిలో జయశ్రీ ఇల్లు, ముందు గది. పొద్దున పని చేసి వెళ్ళిన మైసమ్మను ఆమె సాయంత్రం మళ్ళీ పిలిపించింది.

"శైలజ పోయిన దినమే దాని ఫోన్ గూడ పోయింది. యాదికుందా మైసమ్మా?"

"ఎట్ల మరుస్తనమ్మా. నలభై దినాలు గాలే ఇంక."

"నలభై మూడు. నా బిడ్డను లారీ గుద్దిన కాడ స్కూటీ దొరికింది. చెప్పులు దొరికినయి. టిఫిన్ డబ్బా గూడ దొరికింది. ఫోన్ దొరకలే."

"రోడ్డు మీద ఎవలో తీస్కపోయుంటరమ్మా."

"అంతేనంటవా?"

"అంతేనమ్మా. మరి గిప్పుడెందుకు రమ్మన్నరు? అంట్లు పొద్దుగాల్నే తోమి పోతి గద."

"జర పనుంది. అగో, ఆ వైఫై డబ్బా దించు. దాన్ని జాగ్రత్త చేసుకొమ్మని మా తమ్ముని కొడుకు ప్రశాంత్ అన్ని రాసి పంపిండు. నేను సెల్లుల చూసి చదువుత, నువ్వు పట్టుకో."

"నాకేం తెల్వదమ్మా గవన్ని."

"తెల్వనిదేముంది? ఎనక ఒక బటన్ ఉంటది, ఫోన్లు కలిపేది. ఏది?"

"ఇదా?"

"నాలుగు బటన్లున్నయి అండ్ల. సక్కగ దాని మీదనే ఏలు వెట్టినవ్."

"ఊకెనే వెట్టిన. దుమ్ము తుడిచేటప్పుడు చూస్త గద."

"మంచిది. అది నొక్కి రెండు నిమిషాలల్ల ఫోన్ కలిపితె పాస్‌వర్డ్ అడగదంట. మన టీవీ గట్లనే కలిపినం. మనకెంత సులువో, ఇంట్ల తిరిగే ఎవలికైన గంతే సులువు."

"గంతేనమ్మా."

"మొదటిది, డబ్బా కింద ఎనిమిదంకెల పిన్ ఉంటది. బయట కూసున్నోడు అంకెలు తిప్పి తిప్పి చూసి పట్టేస్తడంట. బంద్ చెయ్యమన్నడు, చేసిన. ఇగ పాస్‌వర్డ్. అది పదిరోజుల కిందనే మార్చిన. మార్చంగనే అన్ని తెగిపోయినయి. నాది, మీ సారుది, టీవీ. మల్ల ఒక్కొక్కటి కలుపుకున్నం. ఎన్నయినయి?"

"మూడమ్మా."

"తెల్లారి సెల్లుల చూస్తె, వైఫైకి కలిసినయాటి లిస్టుల నాలుగున్నయి. నాలుగోది చదువు."

"నాకు చదువు రాదని మీకెర్కనే గద."

"నేనే చదువుత. శైలజ."

"అమ్మా..."

"కొత్త పాస్‌వర్డ్ సచ్చిపోయినదానికి ఎవలు చెప్పిండ్రు మైసమ్మా?"

"అమ్మా, నేను..."

"పది దినాలు చూసిన. నువ్వు ఊడ్వనీకి వచ్చినంక వస్తది, నువ్వు పోతె పోతది. ఆ పేరు పక్కన పచ్చగ ఒక చుక్క. మీ సారు తీసెయ్యమన్నడు. నాకే మనసొప్పలే. పిచ్చిదాని లెక్క దాన్నే చూసుకుంట కూసున్న."

"మా గీత తానున్నదమ్మా ఫోన్. దొంగతనం గాదు. శైలమ్మ ఎనక కూసొని బండి మీదికెల్లి పడ్డప్పుడు ఫోన్ దాని సంచిలనే ఉండె. దవాఖానల ఎనిమిది దినాలు నా బిడ్డకు సోయి లేదు. ఇంటికొచ్చి సంచి ఇప్పితె గిది. తెచ్చిద్దామనుకున్న. కాళ్ళు రాలే."

"కాళ్ళు రాలే. బటన్ నొక్కనీకి చేతులొచ్చినయి."

"శైలమ్మనే నేర్పింది. గీత ఎనక మెట్ల మీద సదువుకుంటె గిది నొక్కు అని..."

"దాని పేరెత్తకు."

"తప్పయింది. ఫోన్ ఇస్త, గిప్పుడే ఇస్త. పది నిమిషాలమ్మా. గీత నా ఎంబడి వచ్చింది, మెట్ల మీదనే ఉంది. నర్సింగ్ సీటుకు ఫారం నింపుతుంది. ఇయ్యాల ఐదింటికి బందయితదంట."

"తెలుసు."

"మీకెట్ల తెలుసు?"

"పేపర్ల వడ్డది. అందుకే నిన్ను ఐదింటికి పది తక్కువకు రమ్మన్న."

"కాళ్ళు మొక్కుతమ్మా."

"కాళ్ళిడువు. ఇగో, నా సెల్ వట్టు. గిదే శైలజ పేరు. దాని మీద ఒత్తితె తెగిపోతది."

"నాతోని గాదు. మీరే ఒత్తుండ్రి."

"కలిపింది నువ్వు. తెంపుడు గూడ నువ్వే తెంపు."

"అండ్ల సిమ్ మీరు బంద్ చేయిస్తిరి. వైఫై లేకుంటె అది ఉత్త రేకుముక్క. మీసేవకు ఉరికినా అందదమ్మా. రేపంటె రేపు లేదు, మల్ల యేడే."

"ఒత్తు."

"శైలమ్మ ఆ దినం గీత కులం సర్టిఫికెట్ కోసమే లింగాల ఎమ్మార్వో ఆఫీసుకు పోయింది. మేం అడగలే. నేనే తోల్కపోత పా అని తనే గీతను బండెక్కించుకుంది. పది దినాలసంది ఆ కాగితం ఫోటో ఫారంల ఎక్కుతలేకుండె, ఇయ్యాలనే ఎక్కింది. అది పంపకుంటె శైలమ్మ ఉత్తగనే పోయినట్టు గాదా?"

"ఉత్తగనే పోయింది. ఒక్క బండి మీద ఇద్దరు పోయిండ్రు. నీ బిడ్డ ఇంటికొచ్చింది."

"అది నా తప్పా అమ్మా?"

"తప్పు ఎవలిదైతేంది? నువ్వు రోజు పొద్దుగాల బిడ్డను ఎంబడి తోల్కొని నా వాకిట్లకు వస్తవ్. ఒత్తు."

"ఒత్తితె శైలమ్మ పేరు గూడ పోతది. రేపు పొద్దుగాల చూస్తె ఉండదు మీకు."

"ఉండొద్దు."

"మల్ల యాడ చూసుకుంటరమ్మా ఆ చుక్క?"

"నీ బిడ్డ ముట్టిన చుక్క నాకొద్దు. ఏలియ్యి. ఇట్లియ్యి. ఆఁ. అయిపాయె."

"అమ్మా..."

"బటన్ గూడ బంద్ వెట్టిన. ఇగ ఎవలు నొక్కినా కలువదు. డబ్బా మీద వెట్టు. ఫోన్ గడప కాడ వెట్టి పో, రేపటి సంది పనికి రాకు. అగో, మెట్ల కాడికెల్లి నీ బిడ్డ పిలుస్తుంది. పలుకు."

"ఏంది గీతా?"

"నెట్ పోయిందే అమ్మా. జర జల్ది ఆ బటన్ నొక్కు. అంతా నింపిన. శైలక్క ఇప్పిచ్చిన కాగితం గూడ ఎక్కింది. పంపుడొక్కటే మిగిలింది."