కాటి సీను తెర

హిందూపురం, 1962 ఎండాకాలం. నాటకాల తెరలు రాసే కుళ్ళాయప్ప తన ఇంటితో, తెరలతోపాటు కాలిపోయి వారమైంది. బూడిద పక్కన ముగ్గురు: ఇన్సూరెన్సు సర్వేయరు, కుళ్ళాయప్ప భార్య సుంకమ్మ, పక్కింటి హార్మోనియం చంద్రప్ప.

“దర్బారు తెర అంటే ఎంత ఉంటుందమ్మా?”

“పెద్దది సార్.”

“పెద్దదంటే?”

“నేను చెప్తా సార్. ఆ తెర ముందర కూచోని హార్మోనియం వాయించినోణ్ణి నేను. ఆ స్తంభాలుండాయే, చెయ్యి పెట్టి తడమాల అనిపిస్తాది. ధర్మవరంలో ఒక తాగుబోతోడు నిజం స్తంభమేనని ఆనుకోని, తెరతో సహా ఎనక్కి పడె!”

“చంద్రప్పా, నువ్వుండప్పా.”

“ఉండేదేంటికక్కా? సారు విలువ అడుగుతాండాడు గదా. మనిషి ఆనుకున్న్యాడంటే అంతకు మించి విలువేముంది? రాసుకో సార్. తోట తెర గూడ బాగుంటాది. అందులో నెమలి ఒకటే కొంచెం...”

“నెమలికేమైంది?”

“అన్నకు నెమలి రాదు సార్. కోడిని రాసి తోక పెట్టినాడు.”

“ఏమబ్బా, విలువ పెంచనీకి వస్తివా, తగ్గించనీకా?”

“నవ్వొచ్చి చెప్పినాలేక్కా.”

“చూడమ్మా, బొమ్మ బాగుంటే చాలదు. ఈ రోజు అమ్మితే ఎవరైనా కొంటారా, అది రాయాలి నేను. తెరలు కడపటిసారి బాడుగకు ఎప్పుడు వెళ్ళాయి?”

“పోతానే ఉండె సార్.”

“ఎక్కడికి?”

“పెనుకొండకు... కదిరి తిరునాళ్ళకు...”

“అది టెంటు సినిమా రాకముందు గదక్కా.”

“చంద్రప్పా!”

“ఉన్నమాటే గదా! సినిమా వచ్చినాక నా హార్మోనియం ఎలకలకిచ్చినా, అన్న తెరలు అటకెక్కె. పాపం, మంచంలో పండుకోని గూడ నవ్వుతాండె సార్. ‘ఉంటే గుడ్డలు రా చంద్రప్పా, కాలితేనే దుడ్లు’ అని.”

“జ్వరంలో అన్న్యాడు సార్ అది. రాయొద్దు.”

“రాయలేదమ్మా. కానీ ఒకటి తెలుసుకోండి. ఇల్లూ, ఇంట్లో తెరలూ అన్నీ పాలసీలో ఉన్నాయి. నిప్పు పొరపాటున అంటుకుంటేనే డబ్బు. కావాలని పెడితే పైసా రాదు. ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?”

“పోలీసోళ్ళకు చెప్పినా గదా. పిల్లోల్లను ఇద్దర్నీ తోడుకోని పేటకు పోయింటి. వచ్చేసరికి మంట. మంచం పక్కన బుడ్డి ఎలిగించి పెట్టింటి. దగ్గుతా దగ్గుతా తోసేసింటాడు.”

“తెరలెక్కడ ఉండేవి?”

“చుట్టి అటక మీద.”

“అన్నీనా?”

“అన్నీ.”

“కాటి సీను తెర తప్ప సార్! దాన్ని ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా? కాలే చితి, పుర్రెలు, నక్కలు... అది గడప దాటితే ఇంట్లో పీనుగ లేస్తాదంటారు. అన్న దాన్ని మా కొట్టంలోనే పెడతాండె. వానకు తడిసినా లోపలికి రానీడు.”

“అంటే ఇప్పుడూ మీ కొట్టంలోనే ఉందా?”

“యాడికి పోతాది? రా సార్, చూపిస్తా.”

“ఇప్పుడెందుకప్పా, పోనీ.”

“అక్కర్లేదు చంద్రప్పా. బూడిదలో దొరికిన ఈ ముక్క చూడండి.”

“ఇది... ఇది అన్న చేతి పుర్రె! ముందరి పన్ను ఒకటి విరిగినట్ల రాస్తాడు. యాడ దొరికె సార్?”

“మంచం పక్క గోడకు. మిగతా తెరలన్నీ చుట్టినవి చుట్టినట్టే కాలాయి. ఇదొక్కటే విప్పి ఉంది. రెండు మేకులకు తాళ్ళు కట్టి.”

“మా కొట్టంలోది ఈడికెట్లొచ్చె? అక్కా?”

“నాకు తెల్దు.”

“అమ్మా, కుళ్ళాయప్ప గారే కట్టుకున్నారేమో. ఇల్లు కాలితే వీళ్ళకు డబ్బొస్తుంది కదా అని, బుడ్డి ఆయనే తన్నేశారేమో.”

“అన్న లేసి నిలబడితే గదా సార్ మేకుకు కట్టేది! చెంబు ఎత్తుకోలేడు. నీళ్ళు నేను తాపిస్తాంటి.”

“నోరు మూసుకో చంద్రప్పా, నీ కాళ్ళు మొక్కుతా.”

“నేనేమంటినక్కా ఇప్పుడు?”

“ఆయన అడిగితే ఎవరో తెచ్చి కట్టి ఉంటారు. నేను రిపోర్టులో ఏదో ఒకటి రాయాలమ్మా. తనే నిప్పు పెట్టుకుని పోయాడని రాస్తే...”

“దుడ్లు రావు.”

“రావు.”

“వానలొచ్చేలోపల కప్పు ఎయ్యకపోతే నా ఆడపిల్లోల్లు నీ అరుగు మీదనే గదా చంద్రప్పా.”

“ఉండనీలేక్కా. అరుగు నాకేం కూడు పెడతాందా?”

“సార్. దుడ్లు రాకపోయినా పోనీ. తానే పెట్టుకున్న్యాడని మాత్రం రాయొద్దు.”

“ఎందుకు?”

“అట్ల పోయినోళ్ళకు పిండం పెట్టరు. దయ్యమై తిరుగుతాండాడని పిల్లోల్లను బెదిరిస్తారు. మా ఆయప్ప అట్ల పోలేదు.”

“మరెలా పోయాడు?”

“నిద్దట్లో. గంజి తీసకపోతే నోరు తెరవల్యా. మద్యాన్నం.”

“మద్యాన్నమా? అక్కా, మంట లేసింది పొద్దుగూకినాక గదా! అంటే... అక్కా?”

“అమ్మా. ఆ తెర ఎవరు కట్టారు?”

“ఇంట్లో పీనుగను కాల్చగూడదు గదా సార్. అందుకే ముందు ఆయప్ప రాసిన వల్లకాడు కట్టినా. ఆ తర్వాతే అగ్గి పెట్టినా.”